కళాశాలకు పడిన పేరు – విద్యార్థిపై దాని నీడ

(ప్లాటినం జూబిలీ ఉత్సవాలలో తల్లిదండ్రులు, పూర్వ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



కన్నడ సీమలో, కృష్ణా తుంగభద్రల నడుమనున్న రాయచూరు జిల్లాలో, ఒక తెలుగు మాధ్యమ పాఠశాల డెబ్బై అయిదేళ్లు నిలబడటం సామాన్యమైన విషయం కాదు. భవనాలు, బల్లలు, గంట ఉన్నంత మాత్రాన ఏ పాఠశాలా ఇంతకాలం నిలవదు. ‘అక్కడ చేర్పిస్తే పిల్లవాడు బాగుపడతాడు’ అన్న నమ్మకం తరం నుంచి తరానికి అందుతూ రావాలి. ఆ నమ్మకానికే లోకంలో ‘పేరు’ అని పేరు. ఉత్సవ సందర్భంలో ఆ పేరును గురించి, ముఖ్యంగా పిల్లలు ఇక్కడినుంచి వెళ్లి చేరే కళాశాలల పేర్లను గురించి ఆలోచించడం సముచితంగా ఉంటుంది.

తెలుగులో ఈ మాటకు రెండు ముఖాలున్నాయి. ‘పేరు తెచ్చుకొన్నాడు’ అంటే గౌరవం. ‘పేరు పడ్డాడు’ అంటే చాలాసార్లు అనుమానం. తెచ్చుకోవడానికి ఏళ్లు కావాలి; పడటానికి ఒక్క సంఘటన చాలు. ఈ నియమం మనుషులకెంతగా వర్తిస్తుందో విద్యాసంస్థలకూ అంతగా వర్తిస్తుంది. పదవ తరగతి ముగియగానే ప్రతి ఇంటిలోనూ ఒక చర్చ మొదలవుతుంది. ‘ఫలానా కళాశాలలో చదువు బాగా చెబుతారట.’ ‘అక్కడ ర్యాగింగ్ ఎక్కువట.’ ‘ఆ హాస్టలులో పిల్లలు చెడిపోతారట.’ పిల్లవాడి భవిష్యత్తును నిర్ణయించే ఆ కొద్ది దినాలలో ఇంటిలో వినిపించే మాటలలో సగానికి సగం ‘అట’తోనే ముగుస్తాయి. ఆ ‘అట’లలో నిజమెంత, ఆ పేరు కళాశాలలోని జీవితాన్ని ఏ విధంగా మలుస్తుంది అన్నదే ఈనాటి విషయం.

ఈ విషయం మీద ఎక్కువగా పరిశోధన జరిగిన దేశం అమెరికా. అక్కడ ‘పార్టీ స్కూలు’ అనే మాట ఒకటి వాడుకలో ఉంది. తెలుగువారికి పార్టీ అనగానే రాజకీయ పక్షం స్ఫురిస్తుంది. అక్కడి అర్థం వేరు. మద్యపానం, విందులు, తెల్లవార్లూ సాగే కోలాహలం ముందుకు వచ్చి, చదువు వెనుకకు పోయిందని చెప్పుకొనే కళాశాలను ఆ పేరుతో పిలుస్తారు. 1987లో ఒక అమెరికన్ మాసపత్రిక అటువంటి కళాశాలల జాబితా ప్రకటించి, కాలిఫోర్నియా రాష్ట్ర విశ్వవిద్యాలయపు చీకో ప్రాంగణాన్ని మొదటి స్థానంలో నిలిపింది. ఆ వసంతంలోనే అక్కడ ఏటా జరిగే ‘పయనీర్ డేస్’ అనే ఉత్సవం అల్లర్లకు దారితీసింది. విశ్వవిద్యాలయ అధ్యక్షుడు రాబిన్ విల్సన్ ఆ ఉత్సవాన్నే రద్దు చేశారు. అల్లర్లకు పత్రికలోని జాబితాయే కారణమని ఎవరూ రుజువు చేయలేరు. కాని ఉత్సవం పోయినా పేరు పోలేదు. ఆ సంవత్సరానికి ఇంకా పుట్టని పిల్లలు కూడా తరువాతి దశాబ్దాలలో ఆ పేరు వినే అక్కడ చేరారు, లేదా ఆ పేరు వినే చేరడం మానుకొన్నారు.

1990ల నుంచి ‘ప్రిన్స్‌టన్ రివ్యూ’ అనే సంస్థ విద్యార్థుల అభిప్రాయ సేకరణ ఆధారంగా ఇటువంటి జాబితాను ఏళ్ల తరబడి ప్రకటించింది. ఆ సంస్థకు ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంతో ఏ సంబంధమూ లేదు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకొనే పద్ధతి అన్ని దేశాలలోనూ ఉన్నదే! మద్యం, మాదకద్రవ్యాల వాడకం, తరగతి వెలుపల చదువుకు వెచ్చించే గంటలు, విద్యార్థి సంఘ గృహాల ప్రాబల్యం వంటి ప్రశ్నలకు విద్యార్థులు ఇచ్చిన జవాబులే ఆ జాబితాకు ఆధారం. 2002లో అమెరికన్ వైద్య సంఘం ఈ జాబితాను నిలిపివేయవలసిందిగా కోరింది. ఇటువంటి జాబితా మద్యపానాన్ని ఒక ఘనకార్యంగా చూపుతున్నదని వైద్యుల ఆక్షేపణ. దోషాన్ని బయటపెట్టడానికి వేసిన పట్టిక, ఆ దోషాన్నే కోరేవారికి దారి చూపే పటంగా మారే ప్రమాదం ఉంది.

పేరు కళాశాల జీవితాన్ని మార్చే మొదటి మార్గం ఇదే. వినోదం కోరేవాడు ఆ పేరు విని వస్తాడు. చదువు కోరేవాడు ఆ పేరు విని తప్పుకొంటాడు. నాలుగేళ్లు గడిచేసరికి, మొదట అతిశయోక్తిగా పుట్టిన మాట నిజమై కూర్చుంటుంది.

రెండవ మార్గం ఇంతకంటె సూక్ష్మమైనది. 1986లో పెర్కిన్స్, బెర్కోవిట్జ్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక అమెరికన్ కళాశాలలో విద్యార్థులను రెండు ప్రశ్నలు అడిగారు. మద్యపానం విషయంలో నీ అభిప్రాయమేమిటి? నీ తోటివారి అభిప్రాయమేమిటని నీవనుకొంటున్నావు? మెజారిటీ విద్యార్థులు తమవరకు తాము మితాన్నే కోరారు. కాని తోటివారు తమకంటె చాలా విచ్చలవిడిగా ఉన్నారని భావించారు. ప్రతివాడూ ‘నేనొక్కడినే ఇలా ఉన్నాను, మిగిలినవారందరూ అలా ఉన్నారు’ అనుకొంటే, లేని ఆచారం ఒకటి ఉన్నట్లే చెలామణి అవుతుంది. దానికి తలవంచి, ఇష్టం లేనివాడు కూడా గ్లాసు పట్టుకొంటాడు. ‘ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారు’ అన్నది తెలుగువారి సామెత. పరిశోధకులు చెప్పినదాన్ని బట్టి చూస్తే, సావాసం కూడా అక్కరలేదు. సావాసగాళ్లు అటువంటివారన్న ఊహ చాలు.

ఈ సూత్రాన్ని తిరగవేసి, విద్యార్థులకు అసలు లెక్కలు చెబితే తాగుడు తగ్గుతుందని ఉత్తర ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం 1990 నుంచి ప్రయత్నించి, ఫలితం కనిపించిందని ప్రకటించింది. అయితే 2003లో వెలువడిన మరొక అధ్యయనం, ఇటువంటి ప్రచారం జరిగిన అనేక కళాశాలలను పరిశీలించి, చెప్పుకోదగిన మార్పు కనిపించలేదని తేల్చింది. ప్రచారం ఫలించే విషయంలో పండితులలో భేదాభిప్రాయం ఉన్నది. తోటివారిని గురించిన ఊహ విద్యార్థి నడతను ప్రభావితం చేస్తుందన్నది మాత్రం తరువాతి పరిశోధనలలోనూ మళ్లీ మళ్లీ కనబడింది.

మూడవ విషయం అందరికంటె తల్లిదండ్రులు గమనించవలసినది. హార్వర్డ్ ప్రజారోగ్య పాఠశాలకు చెందిన హెన్రీ వెక్స్‌లర్ బృందం 1993లో 140 కళాశాలలలో 17,592 మంది విద్యార్థులను ప్రశ్నించింది. గత రెండు వారాలలో ఒకే పర్యాయం పురుషులు అయిదు, స్త్రీలు నాలుగు పాత్రలకు తక్కువ కాకుండా మద్యం తీసుకొన్నవారు 44 శాతం ఉన్నట్లు తేలింది. ఆ సంఖ్య ఆనాడు పెద్ద సంచలనం కలిగించింది. కాని అదే అధ్యయనంలో మరొక అంశం ఉన్నది. తాగుడు ఎక్కువగా ఉన్న ప్రాంగణాలలో తాగని విద్యార్థులు కూడా నష్టపోతున్నారు. వారి నిద్ర చెడుతుంది, చదువు చెడుతుంది. మత్తులో ఉన్న తోటివారికి సేవలు చేయవలసి వస్తుంది. అవమానాలు, తగాదాలు, స్త్రీల విషయంలో అవాంఛనీయమైన ప్రవర్తన వారికి తప్పవు. ‘మా వాడు మంచివాడు, ఎక్కడున్నా చెడడు’ అనే తల్లిదండ్రుల ధీమాకు ఈ అధ్యయనం ఒక హెచ్చరిక. చెడకుండా ఉన్నవాడు కూడా కష్టపడతాడు; ఆ కష్టం మార్కుల జాబితాలో కనబడుతుందే గాని దాని కారణం కనబడదు.

ఇది పరదేశపు కథ కదా అని తోసిపుచ్చడానికి వీలులేదు. 2023–24 విద్యాసంవత్సరంలో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. ఆ సంవత్సరం మరే దేశం నుంచీ అంతమంది వెళ్లలేదు. వారిలో తెలుగు పిల్లల సంఖ్య గణనీయమైనదని ఏ ఊరివారికైనా తెలిసిన సంగతే. సింధనూరు, మాన్వి ప్రాంతాలలో తుంగభద్ర ఎడమ కాలువ కింద స్థిరపడిన క్యాంపుల రైతు కుటుంబాలు కూడా పిల్లలను సముద్రాలు దాటించాయి. ఆ దేశంలో 1984లో వచ్చిన కేంద్ర శాసనం ఫలితంగా మద్యం కొనడానికి ఇరవై ఒక్క సంవత్సరాలు నిండి ఉండాలి. మత్తులో వాహనం నడిపి పట్టుబడిన పరదేశ విద్యార్థికి జరిమానాతో తీరదు. వీసాయే రద్దు కావచ్చు. పొలం తాకట్టు పెట్టి పంపిన చదువు ఒక్క రాత్రితో ప్రమాదంలో పడవచ్చు.

ఇక స్వదేశానికి వస్తే, ఇక్కడి కళాశాలలకు పడే పేర్లు వేరు. పూర్వపు హైదరాబాదు రాష్ట్రంలో రాయచూరు జిల్లా ఒక భాగం. 1956 నవంబరు 1న మైసూరు రాష్ట్రంలో చేరేవరకు ఉన్నత విద్య అంటే ఇక్కడివారి చూపు ఉస్మానియా వైపే ఉండేది. 1918లో స్థాపితమైన ఆ విశ్వవిద్యాలయంలో 1938లో వందేమాతరం పాడినందుకు విద్యార్థులను బహిష్కరించగా, వారిలో పలువురికి నాగపూరు విశ్వవిద్యాలయం ఆశ్రయమిచ్చింది. తరువాతి కాలంలో ప్రధానమంత్రి అయిన పి.వి. నరసింహారావు వారిలో ఒకరు. 1969 తెలంగాణ ఆందోళనలోనూ, 2009 నాటి ఉద్యమంలోనూ ఉస్మానియా ప్రాంగణమే ముందు నిలిచింది. ఒక ఇంటిలో దానిని ‘ఉద్యమాల గడ్డ’ అని గౌరవంగా చెప్పుకొన్నారు. మరొక ఇంటిలో ‘అక్కడ తరగతులు జరగవు’ అని పిల్లలను వేరే చోటికి పంపారు. తెలుగువాడికి స్ఫురించే అర్థంలో ‘పార్టీ’ల కళాశాల అన్నమాట! పేరు ఒక్కటే, వినే చెవిని బట్టి అది కీర్తి కావచ్చు, అపకీర్తి కావచ్చు. ఆ రెండు మాటల నడుమ ప్రయోగశాలలలో, గ్రంథాలయంలో నిశ్శబ్దంగా చదువుకొన్న వేలాదిమందిని గురించి మాత్రం ఎవరూ చెప్పుకోలేదు.

మన దేశంలో తల్లిదండ్రుల నిద్ర చెడగొట్టే పేరు ర్యాగింగ్. ‘మా కాలేజీలో ఇది సంప్రదాయం’ అని పాతవారు కొత్తవారికి చెప్పడంతో అది మొదలవుతుంది. ఇక్కడ కూడా పేరే పెట్టుబడి. మొరటు కళాశాల అన్న పేరును నిలబెట్టడం తమ బాధ్యత అని సీనియర్లు భావిస్తారు. భరించడం తమ విధి అని జూనియర్లు భావిస్తారు. నిరుడు భరించినవాడే ఈ ఏడు హింసిస్తాడు. ఈ గొలుసును తెంచడానికి ఆంధ్రప్రదేశ్ 1997లో ప్రత్యేక శాసనం చేసింది. కర్ణాటక విద్యా చట్టం కూడా దీనిని నేరంగా పరిగణిస్తుంది. సుప్రీంకోర్టు 2001లో మార్గదర్శక సూత్రాలు నిర్దేశించింది. తరువాత ఆర్.కె. రాఘవన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం 2007లో నివేదిక సమర్పించింది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2009లో నిబంధనలు జారీచేసి, ప్రవేశ సమయంలో విద్యార్థి, తల్లిదండ్రులు హామీపత్రాలు ఇవ్వాలని విధించింది. ఫిర్యాదు కోసం 1800-180-5522 అనే ఉచిత టెలిఫోను సంఖ్య పనిచేస్తున్నది. సంతకం పెట్టించుకొన్న కాగితాన్ని బీరువాలో దాచిన కళాశాల ఒకటి, ఫిర్యాదు రాగానే విచారణ జరిపే కళాశాల మరొకటి. ఈ రెంటికీ ఉన్న తేడా ఊరిలో వినిపించే పేరులో కనబడదు.

ఇంకొక రకం పేరు డబ్బుతో ముడిపడినది. ఒకప్పుడు కర్ణాటకలోని ప్రైవేటు వృత్తివిద్యా కళాశాలలకు ‘డొనేషను కళాశాలలు’ అన్న పేరు దేశమంతటా పాకింది. 1992లో మోహినీ జైన్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ఈ రాష్ట్రపు క్యాపిటేషన్ రుసుమును చట్టవిరుద్ధమని తీర్పు చెప్పింది. 1993లో ఉన్నికృష్ణన్ వ్యాజ్యంలో, ఆంధ్రప్రదేశ్ ప్రతివాదిగా, ఆ తీర్పును కొంత సవరించి ప్రవేశాల పద్ధతిని నిర్దేశించింది. ఆ కాలంలో ప్రతిభతో సీటు సంపాదించుకొన్న విద్యార్థిని కూడా ‘ఎంత కట్టావు?’ అని అడిగేవారుండేవారు. కళాశాలకు పడిన పేరు, ఏ పాపమూ ఎరుగని విద్యార్థి పట్టా మీద కూడా మచ్చగా పడుతుందనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

వీటికి పూర్తిగా ఎదురుగా ‘ర్యాంకుల కళాశాల’ అన్న పేరు కూడా ఉన్నది. తెల్లవారుజాము నుంచి రాత్రి వరకు చదివించే కళాశాలను చూసి తల్లిదండ్రులు ముచ్చటపడతారు. గోడలమీద, పత్రికలలో కనిపించే ర్యాంకుల వెనుక, ర్యాంకు రానివారెందరు, మధ్యలో మానివేసినవారెందరు అన్న లెక్క ఉండదు. ఆట, పాట, విశ్రాంతి లేని ఆ జీవితానికీ, చదువు లేని విందుల జీవితానికీ పోలిక ఒకటి ఉన్నది. రెండింటిలోనూ సంస్థ పేరే ముందు, విద్యార్థి తరువాత. పేరు గొప్ప, ఊరు దిబ్బ అన్న సామెత రెంటికీ వర్తిస్తుంది.

ఈ పేర్ల వలన అందరికంటె ఎక్కువ నష్టపోయేది ఆడపిల్లలు. ఒక కళాశాలను గురించి చెడ్డమాట వినిపించగానే మగపిల్లవాడిని మరొక కళాశాలకు పంపుతారు. ఆడపిల్లను మాత్రం చదువే మాన్పిస్తారు. ఎవరో, ఎప్పుడో, ఎక్కడో చేసిన పనికి ఒక బాలిక భవిష్యత్తు శిక్షగా చెల్లించవలసి వస్తుంది. నిప్పు లేనిదే పొగ రాదని పెద్దలంటారు. నిజమే. కాని పొగ కనిపించగానే ఇల్లు వదిలి పారిపోవడం కంటె, దగ్గరకు పోయి అది పొయ్యిలోని నిప్పో, పైకప్పుకు అంటిన నిప్పో చూడటం వివేకం.

మరి ఎట్లా చూడాలి? 1994లో స్థాపితమై బెంగళూరు కేంద్రంగా పనిచేస్తున్న ‘న్యాక్’ సంస్థ కళాశాలలను పరిశీలించి శ్రేణి నిర్ణయిస్తుంది. కేంద్ర ప్రభుత్వం 2016 నుంచి ‘ఎన్.ఐ.ఆర్.ఎఫ్.’ ర్యాంకులు ప్రకటిస్తున్నది. అందులో బోధన, పరిశోధన, ఉత్తీర్ణత, అన్నివర్గాలకు అవకాశం అన్న అంశాలతోపాటు ‘లోకాభిప్రాయం’ కూడా ఒక అంశం. దానికిచ్చిన పాలు నూటికి పది. ప్రభుత్వమే పేరుకు పది మార్కులు మాత్రమే ఇచ్చినప్పుడు, ఇంటిలో దానికి నూటికి నూరు ఇవ్వడం న్యాయమా?

కాగితాల తరువాత కళ్లతో చూడాలి. సెలవు రోజున కాక, తరగతులు జరిగే రోజున వెళ్లాలి. గ్రంథాలయం సాయంత్రం ఎన్ని గంటల వరకు తెరచి ఉంటుంది, అప్పుడు అందులో ఎందరు కూర్చుంటారు, హాస్టలు వార్డెను రాత్రి అక్కడే ఉంటారా, మొదటి సంవత్సరం వారికి వేరే వసతి ఉన్నదా, ర్యాగింగ్ నిరోధక సంఘ సభ్యుల పేర్లు గోడమీద ఉన్నాయా, మొదటి సంవత్సరం చేరినవారిలో ఎందరు చివరి సంవత్సరం పూర్తిచేశారు అన్న ప్రశ్నలకు జవాబులు అడగాలి. ఇవి అడగడానికి ఆంగ్లం రానవసరం లేదు. మొహమాటం లేకుంటే చాలు. జవాబు చెప్పడానికి విసుగుకొన్న కళాశాల తన పేరు ఎంత గొప్పదైనా ఒక సమాధానం ఇచ్చినట్లే.

దూరపు కొండలు నునుపు అన్న సంగతి కూడా మరువరాదు. రాయచూరు పిల్లలకు దగ్గరలోనే అవకాశాలు పెరిగాయి. 1980లో గుల్బర్గా విశ్వవిద్యాలయం, ఈ దశాబ్దంలో రాయచూరుకే ఒక విశ్వవిద్యాలయం ఏర్పడ్డాయి. 2019లో మంజూరై, తొలినాళ్లలో హైదరాబాదు ఐ.ఐ.టి. పర్యవేక్షణలో నడిచిన సమాచార సాంకేతిక విద్యాసంస్థ కూడా రాయచూరు పేరునే ధరించింది. రాజ్యాంగంలోని 371-జె అధికరణం ఈ ప్రాంతపు విద్యార్థులకు ప్రవేశాలలో ప్రత్యేక కోటా కల్పించింది. ‘వెనుకబడిన జిల్లా’ అన్న పేరు విని సొంత గడ్డమీది సీటును వదులుకొనడం, పేరుకు లొంగిపోవడంలో మరొక రూపమే.

ఈ పాఠశాల పిల్లలు కళాశాలలో అడుగుపెట్టేసరికి వారికీ ఒక పేరు ముందే సిద్ధంగా ఉంటుంది: ‘తెలుగు మీడియం వాడు’. కన్నడం, ఆంగ్లం నడుమ మొదటి నెలలలో వారు మౌనంగా ఉండిపోతారు. ఆ మౌనంలో ఏ గుంపు ముందుగా చేయి చాపితే ఆ గుంపులో కలిసిపోయే ప్రమాదం ఉన్నది. అందుచేత, పదవ తరగతి ముగిసే లోపలే రెండు భాషలలోనూ ధైర్యంగా నాలుగు మాటలు చెప్పగల శక్తిని కలిగించడం ఉపాధ్యాయుల మీద ఉన్న బాధ్యత. అది భాషా బోధన మాత్రమే కాదు, పిల్లవాడికి తొడిగే కవచం. ‘అందరూ చేస్తున్నారు’ అన్న మాట వినగానే ‘అందరూ అంటే ఎందరు?’ అని అడగగలిగిన విద్యార్థిని ఏ కళాశాల పేరూ లొంగదీయలేదు.

పూర్వ విద్యార్థుల మీద ఉన్న బాధ్యత ఇంకా పెద్దది. ఏ కళాశాలలో ఏమి జరుగుతున్నదో లోపలినుంచి చూసినవారు వారే. తాము చదివిన కళాశాలను గురించి గొప్పలు గాని, గాలివార్తలు గాని కాక, ఉన్నది ఉన్నట్లు చెప్పగలిగినవారు ప్రతి సంవత్సరం పరీక్షలు ముగిసిన వెంటనే ఒక ఆదివారం ఈ ప్రాంగణానికి వచ్చి, తల్లిదండ్రుల ప్రశ్నలకు జవాబు చెబితే చాలు. చందాలతో కట్టే గదికంటె అది విలువైన కానుక. ఒక తల్లి, పాత విద్యార్థిని మాట విని, తన కూతురిని మాన్పించకుండా కళాశాలకు పంపితే, ఆ ఒక్క పంపకంతోనే ఈ ఉత్సవం సార్థకమవుతుంది.

డెబ్బై అయిదేళ్లుగా ఈ పాఠశాల పేరు ఏ జాబితాలోనూ వెలువడి ఉండకపోవచ్చు. ఇక్కడ చదివినవారు తమ పిల్లలను మళ్లీ ఇక్కడికే తీసుకువచ్చారు. రాబోయే కాలంలోనూ ఈ గడప దాటే ప్రతి బాలుడూ, ప్రతి బాలికా ‘అట’లను దాటి నిజాన్ని అడిగి తెలుసుకొనే ధైర్యంతో సాగిపోవాలి.